అయిదు కట్టల్లో ఒక మనిషి

దేవదానం దగ్గర ఒక విద్య ఉంది. ఓపీ కాగితం మీద ఊరి పేరు చూడకుండా, రోగి చెప్పుకున్న బాధను బట్టి ఆ మనిషి ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పేస్తాడు. నడుము అని ఉంటే అవనిగడ్డ వైపు, నాట్లకు వంగిన నడుము. కుడి భుజం, మణికట్టు అయితే పెడన, బట్ట మీద అద్దకం అచ్చులు వేసే చెయ్యి. వేళ్ల కణుపులైతే ఇక సందేహమే లేదు, కృత్తివెన్ను రొయ్యల షెడ్డు, పొద్దస్తమానం ఐసులో నానిన వేళ్లు. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు నిజమయ్యేది. మిగతా రెండుసార్లు, ఆ మనిషి ఈమధ్యనే కూతురింటికి మారి ఉంటుందని వాదించేవాడు.

బందరులో ఒక ట్రస్టు ఆసుపత్రి రికార్డు రూములో ఇరవై రెండేళ్లుగా అతని ఉద్యోగం. రోజూ మధ్యాహ్నానికి ఓపీ కాగితాలన్నీ అతని బల్ల మీదికి వస్తాయి. డాక్టరు రాసింది చదివి, అది ఏ జాతి రోగమో తేల్చి, కాగితం మూలన ఎర్ర సిరాతో దాని కోడు రాయాలి. కంప్యూటర్లో ఎక్కించాలి. తర్వాత కాగితాన్ని ఆ రోగం తాలూకు కట్టలో పెట్టి పురికొసతో కట్టాలి. ఈ కట్టల పద్ధతి పాతది, ఇంకెక్కడా లేదని అందరూ నవ్వుతారు. దేవదానానికి మాత్రం ఇష్టం. ఎముకలు, నరాలు, తల, కడుపు, మనసు అని అట్టల మీద గుండ్రటి అక్షరాలతో అతనే రాసి ర్యాకులకు అంటించాడు. తూర్పు కిటికీ, తలమీద ఫ్యాను, ఒంటిగంటకు భార్య సువర్ణ కట్టిచ్చిన క్యారేజీ, అయిదుంపావుకు గుడివాడ బస్సు. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందని అతను అనుకోడు.

ఒక్కటే చిక్కు ఉండేది. కొందరు డాక్టర్లు రోగం పేరు రాయరు. 'నొప్పులు, మందులు ఇచ్చాం' అని రెండు ముక్కలు గీకి పంపేస్తారు. అలాంటివి 'ఇతరములు'లో వేద్దామంటే పై ఆఫీసు ఒప్పుకోదు. ఇతరములు ఎక్కువైతే రికార్డు కీపరుకు పని రాదని అర్థమట. అందుకని దేవదానం ఒక నియమం పెట్టుకున్నాడు. రోగి తన బాధ గురించి చెప్పిన మొదటి మాట ఏదో డాక్టరు పై గడిలో రాస్తాడు కదా, అదే లెక్క. భుజం అంటే ఎముకలు. తిమ్మిరి అంటే నరాలు. ఈ నియమం పెట్టుకున్నాక అతని ర్యాకుల్లో ఇతరముల కట్ట చిటికెన వేలంత మిగిలింది. మూడేళ్ల కిందట వార్షికోత్సవంలో దానికి శాలువా కూడా కప్పారు.

మంగళవారం పదకొండింటికి డాక్టర్ తనూజ ఆ గదికి వచ్చింది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు ఆమె. ఈ ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలయింది. బుధ, శనివారాల్లో మాత్రం నొప్పుల ఓపీ చూస్తుంది. కాగితాలు కావాలంటే డాక్టర్లు ఎవరినో ఒకరిని పంపుతారు. ఈమె తనే వచ్చి, దుమ్ము కూడా దులపకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

విషయం పెద్దదే. ఏళ్ల తరబడి ఒళ్లంతా నొప్పులతో బాధపడుతూ, ఎన్ని పరీక్షలు చేయించినా ఏమీ కనపడని మనుషుల మీద చిన్న పరిశోధన చెయ్యాలని ఆమె ఢిల్లీలో ఒక సంస్థను డబ్బు అడిగింది. వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మీ ఆసుపత్రి అయిదేళ్ల లెక్కల్లో అలాంటివాళ్లు నలుగురే ఉన్నారు, నలుగురి కోసం పరిశోధన అనవసరం, కనీసం వందమంది ఉన్నట్టు శుక్రవారం సాయంత్రంలోగా చూపించండి, లేకపోతే ఫైలు మూసేస్తాం అని.

నాలుగు అన్న అంకె సరైనదేనని దేవదానం వెంటనే చెప్పాడు. తానే ఎక్కించాడు మరి. తనూజ నవ్వింది. బుధవారం పూట టీ తాగే లోపలే తాను నలుగురిని చూస్తానంది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మన లెక్కల్లో నొప్పి అనేది ఎప్పుడూ ఇంకో రోగానికి తోక. అసలు రోగం దొరక్కపోతే తోకకు విలువ లేదు. ఎక్కువకాలం ఉండే నొప్పి తానే ఒక రోగం కావచ్చని ప్రపంచం మొత్తానికి వాడే కొత్త జాబితాలో ఒప్పుకుని, దానికి సొంతంగా చోటిచ్చారు. ఇక్కడి ఫారాల్లోకి అది ఇంకా రాలేదు. చోటు లేదు కాబట్టి లెక్కలోకి రాదు. లెక్కలో లేదు కాబట్టి డబ్బు రాదు. డబ్బు లేక ఎవరూ పరిశోధన చెయ్యరు. ఎవరూ చెయ్యడం లేదు కాబట్టి చోటు అక్కర్లేదంటారు. చెబుతూ చెబుతూ ఆమె బల్లమీది దుమ్ములో వేలితో సున్నా చుట్టింది.

"మరి ఆ జనమంతా ఎక్కడున్నట్టు మేడమ్?" అన్నాడు దేవదానం.

"మీ దగ్గరే ఉన్నారు దేవదానం గారూ. ఏ కట్టల్లో ఉన్నారో మీకే తెలియాలి."

అతనికి కాస్త మనసు చివుక్కుమంది. తన కట్టల్లో తప్పుండదన్నాడు. తప్పుందని తాను అనలేదని ఆమె అంది. మూడు గుర్తులు చెప్పింది. మూడు నెలలు దాటిన నొప్పి, ఒకచోట కాకుండా నాలుగైదు చోట్ల ఉండాలి, పరీక్షల్లో ఏమీ తేలకూడదు. చెప్పి ఆపరేషన్ థియేటరుకు వెళ్లిపోయింది.

చూద్దాం ఏముంటుందో అనుకుంటూ దేవదానం ఎముకల కట్ట విప్పాడు. ఓపీ నంబరు మనిషికి ఒకటే, ఎన్నిసార్లు వచ్చినా మారదు. ఎముకల కట్టలో ఉన్న నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, అవే నంబర్లు మిగతా కట్టల్లో ఉన్నాయేమో వెతికాడు. వేలికి ఉమ్మి తడి చేసుకుని తిప్పుతుంటే గంటన్నరలో పదకొండు దొరికాయి.

మొదట దొరికింది పెడన కోటేశ్వరమ్మ, యాభై రెండేళ్లు. ఎముకల కట్టలో ఆమె భుజం. నరాల కట్టలో అరచేతుల తిమ్మిర్లు. తల కట్టలో తలనొప్పి. మనసు కట్టలో నిద్ర పట్టకపోవడం. పద్నాలుగు నెలల్లో నాలుగు కాగితాలు, నలుగురు డాక్టర్లు. నాలుగింటి మూలనా తన ఎర్ర సిరా. ఏ కాగితానికి ఆ కాగితం చూస్తే తప్పు పట్టడానికి లేదు. నాలుగూ బల్లమీద పక్కపక్కన పరిస్తే, ఇవి నాలుగు రోగాలని చదువురానివాడు కూడా అనడు.

క్యారేజీ విప్పి తింటున్నాడన్న మాటే గాని ధ్యాస కాగితాల మీదే ఉంది. డాక్టరు ఏమిటి బాధ అని అడుగుతాడు. ఒళ్లంతా అని చెబితే నమ్మరని మనిషికి తెలుసు. అందుకని ఆరోజు పనికి ఏది అడ్డొచ్చిందో అది చెబుతుంది. అచ్చు ఎత్తలేకపోతే భుజం, నాటు వెయ్యలేకపోతే నడుము, రొయ్య ఒలవలేకపోతే వేళ్లు. ఊరు మారితే మారింది పనే గాని రోగం కాదు. ఇరవై రెండేళ్లుగా తాను గొప్పగా చెప్పుకుంటున్న విద్య ఇదన్నమాట. ఒక్క రోగాన్ని ఊళ్లవారీగా, అవయవాలవారీగా ముక్కలు కోసి, నీటుగా పురికొసతో కట్టి, ఎవరికీ దొరక్కుండా దాచాడు. దానికి శాలువా ఒకటి. అతనికి సిగ్గేసింది. పెరుగన్నం సగంలో మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రం గుడివాడలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి సువర్ణ ముందుగదిలో మిషను మీద ఉంది. బడులు తెరిచే రోజులు. నీలం గుడ్డ గుట్టగా పడి ఉంది, రెండు బడుల యూనిఫారాలు శుక్రవారానికి ఇవ్వాలి. దేవదానం చెప్పులు విడుస్తూ ఆమెను చూశాడు. చూడటమంటే రోజూ చూస్తాడు. ఇవాళ రికార్డు కీపరు చూసినట్టు చూశాడు. ఆమె కాసేపు కుడికాలితో తొక్కి, ఆపి, ఎడమకాలికి మార్చుకుంది. కత్తెర ఎత్తేముందు కుడి మోచేతిని ఎడంచేత్తో కింద నుంచి పట్టుకుంది. లేచి నీళ్లకు వెళ్తూ గోడకు అరచెయ్యి ఆనించింది.

ఒకప్పుడు ఆమె నొప్పుల మీద ఈ ఇంట్లో బోలెడు వేళాకోళం ఉండేది. ఒకరోజు భుజం, ఒకరోజు మోకాలు, ఇంకోరోజు కడుపు అనేసరికి, బస్సు ఇవాళ ఏ స్టాపులో ఆగింది అని దేవదానం అడిగేవాడు. చర్చిలో నలుగురిలోనూ అడిగేవాడు. ఆమె కూడా నవ్వేది. మూడేళ్లుగా ఆమె నొప్పని అనడం లేదు, ఆసుపత్రికి రావడం లేదు. ప్రార్థన ఫలించిందని, ఆమెకు నయమైందని అతను నలుగురికీ సంతోషంగా చెప్పుకున్నాడు.

భుజం ఎలా ఉందని ఇప్పుడు అడిగాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ ఏ భుజం అంది. తర్వాత, బాగానే ఉంది, నీళ్లు కాగాయి స్నానానికి వెళ్లమంది. దేవదానం హాయిగా ఊపిరి పీల్చుకుని స్నానానికి వెళ్లాడు. బాగానే ఉందన్న మాట నమ్మడం అంత తేలిక మరి.

బుధవారం పొద్దున్నే తనూజ ఫోను చేయిస్తే పెడన కోటేశ్వరమ్మ వచ్చింది. లోపల ముప్పావుగంట ఉంది. బయటికొచ్చి, ఎవరో చెప్పగా వెతుక్కుంటూ రికార్డు రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. సన్నటి మనిషి. కుడి అరచేతి మొదట్లో, మణికట్టు పక్కన చర్మం మందంగా, నల్లగా ఉంది. అచ్చు బట్టమీద పెట్టి అరచేతి మొదలుతో కొట్టే పని వాళ్లది. దేవదానం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

కోటేశ్వరమ్మ చెప్పుకుంది. పైట చెంగుకు వేసే పెద్ద అచ్చు బరువుంటుందట. ఒళ్లు బాగాలేని రోజున దాన్ని పక్క బల్ల మనిషికిచ్చి తాను అంచు వేసే చిన్న అచ్చు తీసుకుంటుందట. ఒక్క రోజైనా పని మానలేదు. మానలేదు కాబట్టే ఎవరూ నమ్మలేదు. నిజంగా నొప్పైతే పడుకోదా అన్నారు. భుజం అన్న మనిషి తలనొప్పి అనేసరికి ఇంట్లో ఇదంతా ఎత్తులన్నారు.

"డాక్టరమ్మగారు అంతా కలిపి ఒక్కటేనన్నారండీ. దీనికో పేరుందంట. పూర్తిగా పోదంట గాని, అణుచుకోవచ్చంట," అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

పూర్తిగా పోదంటే సంతోషమేమిటమ్మా అని దేవదానం అడగకుండా ఉండలేకపోయాడు.

"పేరుంటే ఇంట్లో చెప్పుకోవచ్చుగదండీ. పేరు లేకపోతే బద్ధకమంటారు."

ఆమె వెళ్లాక అతను ఇంకా హుషారుగా కట్టల మీద పడ్డాడు. ఇప్పుడది ఆఫీసు పనిలా లేదు. ఒకే నంబరు రెండో కట్టలో కనపడితే పెదవి కొరుక్కునేవాడు, మూడో కట్టలో కనపడితే లేచి నిలబడేవాడు. నాగాయలంక, ఘంటసాల, కోడూరు, పామర్రు. ఒక్కో మనిషినీ నాలుగు చోట్ల నుంచి ఏరుకొచ్చి, కాగితాలన్నీ ఒక పిన్నుకు గుచ్చి పెడుతుంటే, తప్పిపోయినవాళ్లను ఇంటికి చేరుస్తున్నట్టుంది అతనికి. సాయంత్రం నాలుగింటికి లెక్క ఎనభై మూడు.

ఎనభై నాలుగోది నరాల కట్టలో దొరికింది. కె. సువర్ణ, నలభై ఆరేళ్లు, గుడివాడ, భర్త దేవదానం.

ఆ కాగితానికి కోడు వేసింది తానేనని గుర్తుంది. కాని వెతుకుతున్నవాళ్లలో ఆమె ఒకతె అవుతుందని తట్టలేదు. నంబరు పట్టుకుని మిగతా కట్టల్లోకి వెళ్లాడు. ఎముకల్లో భుజం. తలలో తలనొప్పి. కడుపులో మంట. అన్నీ మూడు నాలుగేళ్ల కిందటివి, ఒక ఏడాది వ్యవధిలో రాసినవి. ఇక మనసు కట్ట విప్పాడు. అందులో రెండున్నాయి.

మొదటి కాగితంలో రోగి చెప్పిన మాట రాసే గడిలో, 'ఎక్కడని చెప్పలేను' అని ఉంది. కింద డాక్టరు, అన్ని పరీక్షలూ నార్మల్, ధైర్యం చెప్పాం అని రాశాడు. దేవదానానికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. నెలాఖరు. రిపోర్టు పంపాలి. తన నియమం ప్రకారం మొదటి మాట చూద్దామంటే ఆ మాటలో అవయవం లేదు. ఇతరములు పెంచడం ఇష్టం లేదు. అర నిమిషం ఆలోచించి ఉంటాడు. సొంత భార్య కాగితం మూలన ఎర్ర సిరాతో మనసు కోడు వేసి, పక్కన మానసికం అని రాసి, కంప్యూటర్లో ఎక్కించి, అయిదుంపావు బస్సుకు వెళ్లిపోయాడు. డాక్టరు ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. అన్నది తనొక్కడే.

రెండో కాగితం దానికి నెల తర్వాతది. డాక్టరు మారాడు. రోగి చెప్పిన మాట రాసే గడి ఖాళీగా ఉంది. చెయ్యి పట్టి చూసినట్టు ఎక్కడా లేదు. పాత రికార్డు చూశాం, మానసికం, నిద్రమాత్ర, ఎక్కువ ఆలోచించవద్దని చెప్పాం అని మూడు ముక్కలు. దాని తర్వాత ఆమె కాగితం ఏ కట్టలోనూ లేదు.

దేవదానం ఆరు కాగితాలూ ఒకచోట పెట్టుకున్నాడు. మూడేళ్లుగా నయమైందని చెప్పుకుంటున్నది ఇదా అనుకున్నాడు. నాలుగు కాగితాలను పిన్నుకు గుచ్చాడు. ఆ నాలుగు చాలు, ఆమె లెక్కలోకి వస్తుంది. మనసు కట్టలోని రెండింటినీ ఎక్కడివక్కడ పెట్టి పురికొస బిగించాడు. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. బస్సులో సీటు దొరికింది, కాని పెడన ఎప్పుడు దాటిందో, ఎవరు దిగారో అతనికి తెలియలేదు.

గురువారం పొద్దున్న రాగానే చేసిన మొదటి పని మళ్లీ ఆ కట్ట విప్పి ఆ రెండు కాగితాలూ తీసి మిగతా నాలుగింటితో కలిపి గుచ్చడం. ఎందుకని అడిగితే ఏమీ చెప్పలేడు. అవి లేకుండా ఆ మనిషి పూర్తికాలేదనిపించింది. సాయంత్రానికి లెక్క నూట ముప్పై ఏడు. తనూజ చూసి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తుడుచుకుంది. రేపు అంకె మాత్రమే పంపుతామని, పేర్లు బయటికి వెళ్లవని చెప్పింది. అందరికీ ఫోన్లు చేసి విడతలవారీగా పిలిచి తాను చూస్తానంది. సువర్ణ కాగితాలు కూడా చూసింది. పేరు చదివి అతనివైపు చూసింది. ఆమెను శనివారం తీసుకురమ్మంది.

ఇంటికి వచ్చి చెబితే సువర్ణ మిషను ఆపలేదు. రానంది.  ఎందుకని రెండుసార్లు అడిగాక చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"వాళ్లేం చెప్తారో నాకు తెలుసండీ. కిందటిసారి ఆ డాక్టరు కంప్యూటరు నావైపు తిప్పి మరీ చూపించాడు, మానసికం అని ఉంది. నాకేమీ అనిపించలేదనుకోకండి. కాని అది మీరు పనిచేసే ఆసుపత్రి. దేవదానం గారి భార్యకి మతి బాగోలేదంట అని మీ వెనక అనుకుంటారు. మీరు తలెత్తుకు తిరిగేచోట అలా ఎందుకని మానేశాను."

"నొప్పి తగ్గిందన్నావు."

"నేనెప్పుడన్నాను? చెప్పడం మానేశానంతే. తగ్గిందని మీరన్నారు."

ఇప్పుడు దేవదానం చెప్పాల్సింది ఒక్కటే. అది రాసింది నేనే సువర్ణా అనాలి. అంతే, నాలుగు మాటలు. ఆమె తనకోసం మూడేళ్లు నోరు మూసుకుని కూర్చుందని విన్న నిమిషంలోనే ఆ మాట అనడానికి అతనికి ధైర్యం చాల్లేదు. ఈసారి వేరే డాక్టరని, ఆడమనిషని, తాను పక్కనే ఉంటానని చెప్పాడు. ఆమె నీలం చొక్కాకు కాలరు బిగించింది. శుక్రవారం యూనిఫారాలు ఇచ్చేస్తే శనివారం ఖాళీయే అంది. దేవదానం ఆ పూట అన్నం తిన్నాననిపించి లేచాడు.

శుక్రవారం మూడింటికి అంకె ఢిల్లీ వెళ్లింది. డబ్బు వచ్చేదీ రానిదీ మూడు నెలల తర్వాత తెలుస్తుంది. రాకపోయినా వెతకడం ఆపనని తనూజ అంది. దేవదానం ఒక అట్టముక్క కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో 'దీర్ఘకాలపు నొప్పి' అని రాసి, కిటికీ పక్కనున్న ర్యాకుకు అంటించాడు. సోమవారం నుంచి అక్కడ కొత్త కట్ట. దూరం జరిగి చూసుకుంటే అక్షరాలు బాగా కుదిరాయనిపించింది, కాస్త తృప్తి కలిగింది. కాని శనివారం మాట గుర్తొచ్చేసరికి ఆ తృప్తి ఎక్కువసేపు నిలవలేదు.

శనివారం సువర్ణ చర్చికి కట్టుకునే లేత పసుపు చీర కట్టుకుని వచ్చింది. తనూజ ఆమెను బల్లమీద కూర్చోబెట్టి మెడ దగ్గర మొదలుపెట్టి భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్లు బొటనవేలితో ఒక్కోచోటే నొక్కుతూ వచ్చింది. ప్రతిచోటా ఆగి ఆమె ముఖం చూసేది. మొదట సువర్ణ బాగానే ఉందండీ, పర్వాలేదండీ అంటూ వచ్చింది. మోచేయి దగ్గరకు వచ్చేసరికి అలవాటు చొప్పున బాగానే అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేసింది. తర్వాత ఇక ఆపుకోలేదు. ఎక్కడెక్కడ, ఎప్పటినుంచి, ఏ పని చేస్తే ఎంత, పొద్దున లేవడం ఎలా ఉంటుంది, అన్నీ చెప్పింది. దేవదానం మూల స్టూలు మీద కూర్చుని విన్నాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో అతను వినని మాటలు అందులో చాలా ఉన్నాయి.

తనూజ రోగం పేరు చెప్పింది, కాగితం మీద రాసింది, చెయ్యాల్సినవి చెప్పింది. పాత కాగితాల మీద కూడా తాను చూసినట్టు రాసి సంతకం పెట్టింది. కోడులు మార్చాల్సింది రికార్డు కీపరేనని అతనికి ఇచ్చి పంపింది.

రికార్డు రూములో సువర్ణ ఫ్యాను కింద కూర్చుంది. ఆరు కాగితాలూ బల్లమీద వరసగా పరిచి చూసింది. అన్నీ ఒకటేనా అని అడిగింది. ఒకటేనన్నాడు. ఇన్నాళ్లూ తాను ఆరు రోగాల మనిషిననుకున్నానని, లేకపోతే నిజంగానే మతి చెడిందేమో అనుకున్నానని చెప్పి, ముఖం తుడుచుకుని, నవ్వింది. మనసారా నవ్వింది. ఆ నవ్వు చూస్తుంటే దేవదానానికి ఇంకా భయమేసింది.

కలం తీశాడు. భుజం కాగితం మీద పాత కోడుకు అడ్డంగా ఒక గీత గీసి కొత్తది రాశాడు. తల, తిమ్మిరి, కడుపు. అయిదోది వచ్చింది. మానసికం అన్న మాట మీద గీత గీశాడు. ఆమె వంగి చూసింది.

"ఇంకా కనపడుతోందేంటి? పూర్తిగా చెరిపెయ్యరా?"

"చెరపకూడదు. ఒకటే గీత గియ్యాలి. ముందు ఏం రాశారో చదవడానికి రావాలి. పక్కన తేదీ వేసి, ఎవరు మార్చారో సంతకం పెట్టాలి. రూలు."

"మార్చేది మీరు. మరి ముందు రాసిందెవరు?"

ఫలానా డాక్టరని ఒక పేరు చెబితే సరిపోయేది. ఆ డాక్టరు ఎప్పుడో వెళ్లిపోయాడు, అడిగేవాళ్లు లేరు. దేవదానం కలం బల్లమీద పెట్టాడు.

"నేనే సువర్ణా. డాక్టరు రాయలేదు. ఎందులో వెయ్యాలో తెలియక నేనే వేశాను. బస్సు టైమైంది, వేసేసి వచ్చేశాను."

ఆమె కాగితం దగ్గరకు లాక్కుని గీత కింది మాట మళ్లీ చదివింది.  దేవదానం క్షమించమనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆగమంది.

"నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. అది ఇంటికెళ్లాక, తీరిగ్గా. ఇవాళ నాకు సంతోషంగా ఉంది, మూడేళ్ల తర్వాత. ఈ పూట దాన్ని పాడుచెయ్యకండి." తర్వాత కాగితం అతని ముందుకు జరిపింది. "సంతకం పెట్టండి. ఇంగ్లీషులో ఆ గీకుడు వద్దు. చదివితే ఎవరో తెలియాలి. తెలుగులో, పూర్తి పేరు."

దేవదానం కలం తీసుకుని, తాను గీసిన గీత పక్కనే, గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు. ఇంటిపేరు రాశాడు. సువర్ణ కుర్చీ దగ్గరకు లాక్కుని, నొప్పి చేతిని బల్లమీద చాపుకుని, అతను ఆఖరి సున్నా చుట్టేదాకా ఒక్కో అక్షరమూ చూసింది.